చలువ దిగని అయస్కాంతానికే ధర
పాత ఎన్.ఎం.ఆర్. యంత్రాల బేరంలో లెక్కకు రాని ఖర్చులు

పాత యంత్రాల వ్యాపారంలో ఒక ధీమా ఉన్నది. లేతు గాని, బాయిలరు గాని, జనరేటరు గాని నడిచినంత కాలం యంత్రం ధర, ఆగిపోతే తుక్కు ధర. ఈ రెంటి నడుమ ఎక్కడో ఒకచోట బేరం తెగుతుంది. ఏనుగు చచ్చినా వెయ్యే, బ్రతికినా వెయ్యే అన్న మాట తుక్కు వర్తకుల నోట తరచు వినిపించేది అందుకే. ప్రయోగశాలలలో వాడే ఎన్.ఎం.ఆర్. యంత్రం దగ్గర మాత్రం ఈ లెక్క నిలవదు. చల్లగా ఉన్నంత కాలం అది ఏనుగే. చలువ దిగిపోయి, తిరిగి చల్లబరిచేవారు దొరకని నాడు దానిని గదిలో నుంచి తీయించడానికి అమ్మకందారే ఎదురు డబ్బు ఇచ్చుకోవలసి వస్తుంది.

హైదరాబాదు పరిసరాలలోని మందుల కంపెనీలకు, కాంట్రాక్టు పరిశోధన సంస్థలకు ఈ యంత్రం నిత్యావసర సరుకు వంటిదే. తయారైన రసాయనం అనుకున్నదేనా, అందులో చేరిన మలినం ఏమిటి అన్నది తేల్చి కాగితం మీద పెట్టడానికి ఇంతకు మించిన సాధనం లేదు. కొత్త 400 మెగాహెర్ట్జ్ యంత్రం కోట్ల రూపాయల మాట. అందుచేత అమెరికా, యూరపు విశ్వవిద్యాలయాలు వదిలించుకునే పాత యంత్రాల జాబితాలు దళారుల ద్వారా ఇక్కడికి చేరినపుడు కొనుగోలుదార్లకు ఆశ పుట్టడం సహజం. కొత్తదాని ధరలో చిన్న భిన్నానికే యంత్రం వస్తున్నట్లు కొటేషను కాగితం చెబుతుంది. ఆ కాగితం చెప్పని ఖర్చు తరువాత మొదలవుతుంది.

నంబరును బట్టి సరుకు

నూలుకు కౌంటు ఎలాగో, మోటారుకు హార్స్‌పవరు ఎలాగో, ఈ యంత్రానికి మెగాహెర్ట్జ్ అలాగ. 60 నుంచి మొదలై 300, 400, 500, 600, ఆ పైన కూడా ఉన్నాయి. నంబరు పెరిగిన కొద్దీ అయస్కాంతం బలం పెరుగుతుంది. 300 అంటే సుమారు 7 టెస్లాలు, 400 అంటే 9.4, 600 అంటే 14.1 టెస్లాలు. బలం హెచ్చితే రసాయనంలోని హైడ్రోజను, కార్బను కేంద్రకాలు ఇచ్చే సంకేతాలు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా కనిపిస్తాయి. కొనుగోలుదారుకు ఇంతమాత్రం తెలిస్తే చాలు.

ఈ విద్యకు మూలపురుషులు ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్. 1945–46లో ఒకరు స్టాన్‌ఫర్డ్‌లో, మరొకరు హార్వర్డ్‌లో విడివిడిగా సాధించిన దానికి 1952లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి లభించింది. దీనిని సరుకుగా మార్చి బజారుకు తెచ్చిన ఘనత 1948లో కాలిఫోర్నియాలో వెలసిన వేరియన్ కంపెనీది. 1961లో వచ్చిన ఏ-60 అనే 60 మెగాహెర్ట్జ్ యంత్రంతో ఇది సామాన్య రసాయన శాస్త్రజ్ఞుని బల్ల దగ్గరకు చేరింది. జర్మనీలో 1960లో మొదలైన బ్రూకర్, జపానులోని జియోల్ తరువాత దీటైన పోటీదార్లయ్యాయి.

ఆనాటి 60, 90 మెగాహెర్ట్జ్ యంత్రాలలో ఉన్నది ఇనుము, రాగి చుట్టల విద్యుదయస్కాంతం, లేదా శాశ్వత అయస్కాంతం. ఏనుగు సామెత వీటికి చక్కగా వర్తిస్తుంది. ఏమీ కాకపోయినా ఇనుము ఇనుమే, రాగి రాగే. పైగా శాశ్వత అయస్కాంతం దశాబ్దాలు గడిచినా చెక్కు చెదరదు. అమెరికాలో అనసాజీ అనే కంపెనీ వేరియన్ వారి ఈ.ఎం.-360 వంటి పాత యంత్రాల అయస్కాంతాలను తీసుకుని, కొత్త ఎలక్ట్రానిక్సు తొడిగి, కాలేజీలకు అమ్మి వ్యాపారం చేసింది. పాత సరుకు వ్యాపారంలో ఇంతకంటె తెలివైన ఎత్తుగడ అరుదు. చెడిపోయే భాగాన్ని పారవేసి, చెడనిదానిని నిలుపుకున్నారు.

300 నుంచి పైకి వెళితే కథ మారుతుంది. అంత బలం ఇనుముతో రాదు. నయోబియం–టైటానియం, ఇంకా పెద్ద నంబర్లలో నయోబియం–తగరం మిశ్రమంతో చేసిన తీగను చుట్టలుగా చుట్టి, ద్రవ హీలియంలో ముంచి ఉంచుతారు. హీలియం సున్నకు దిగువ 269 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం. ఆ చలిలో తీగ విద్యుత్తుకు ఏ మాత్రం అడ్డు చెప్పదు. ఒకసారి కరెంటు ఎక్కించి, కొస కొస కలిపి, సరఫరా పెట్టెను తీసివేస్తే ఆ కరెంటు ఏళ్ళ తరబడి అలా తిరుగుతూనే ఉంటుంది. హీలియం తొట్టి చుట్టూ ద్రవ నత్రజని తొట్టి, వాటి చుట్టూ గాలి తీసిన ఖాళీ. పెద్ద థర్మాసు ఫ్లాస్కు అనుకోవచ్చు. దీనికి కరెంటు బిల్లు లేదు, చలువ బిల్లు ఉన్నది. నత్రజని వారానికో, రెండు వారాలకో నింపాలి. హీలియం కొన్ని నెలలకు ఒకసారి నింపాలి. ఒక్కసారి అశ్రద్ధ చేసి హీలియం మట్టం దిగిపోనిస్తే తీగ వేడెక్కి, అందులోని శక్తి అంతా క్షణాలలో వేడిగా మారి, మిగిలిన హీలియం బుసకొట్టుకుంటూ ఆవిరైపోతుంది. దీనినే ఈ వ్యాపారంలో క్వెంచ్ అంటారు. లీటరు ద్రవ హీలియం సుమారు 750 లీటర్ల వాయువు అవుతుంది. అయస్కాంతంలో 100 లీటర్లు ఉంటే 75 ఘనపు మీటర్లు. అంటే పొడవు వెడల్పులు అయిదేసి మీటర్లు, ఎత్తు మూడు మీటర్లు ఉన్న గది నిండా హీలియమే. లోపల మనిషికి పీల్చుకోవడానికి గాలి మిగలదు. కొనేవారు గది లెక్క వేసుకునేటపుడు ఆవిరి బయటకు పోయే గొట్టం, ప్రాణవాయువు తగ్గితే మోగే గంట కూడా ధరలో కలుపుకోవాలి.

2014 తరువాత

ఈ బజారును కుదిపిన సంఘటన 2014 అక్టోబరులో జరిగింది. వేరియన్‌ను అజిలెంట్ కంపెనీ 150 కోట్ల డాలర్లకు కొనడానికి 2009లో ఒప్పందం చేసుకుని 2010లో స్వాధీనపరచుకున్నది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఎన్.ఎం.ఆర్. వ్యాపారం మూసివేస్తున్నట్లు ప్రకటించింది. ఈ రంగానికి పురుడు పోసిన పేరు ఆ విధంగా బజారు నుంచి తప్పుకున్నది. పెద్ద నంబర్లలో ప్రపంచ మార్కెట్టు ప్రధానంగా బ్రూకర్, జియోల్ చేతుల్లో మిగిలింది.

కార్ల కంపెనీ మూతపడితే ఆ కారుకు ధర పడిపోతుంది, విడిభాగాలకు ధర పెరుగుతుంది. ఇక్కడ జరిగినదీ అదే. ప్రపంచమంతటా పరచుకుని ఉన్న వేరియన్, అజిలెంట్ యంత్రాలు దిక్కులేనివయ్యాయి. ఒక యంత్రం ఆగిపోతే దాని బోర్డులు ఊడదీసి మరో పది యంత్రాలను బ్రతికించే వ్యాపారం పుట్టింది. మరమ్మతు పని బయటి మెకానిక్కుల చేతికి, చిన్న కంపెనీల చేతికి వెళ్ళింది. నడిపే సాఫ్ట్‌వేరు ఒరెగాన్ విశ్వవిద్యాలయం ద్వారా బహిరంగమై ఎవరైనా వాడుకునే వీలు కలగడం ఈ యంత్రాల ఆయుష్షును పొడిగించిన మరో కారణం.

ఇక్కడ గమనించవలసిన కిటుకు ఒకటి ఉన్నది. కంపెనీ పోయినా అయస్కాంతం పోలేదు. వేరియన్ యంత్రాలలో చాలావాటికి అయస్కాంతం ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ ఇన్‌స్ట్రుమెంట్స్ చేసినది. అటువంటి మంచి అయస్కాంతాన్ని కదపకుండా ఉన్నచోటనే ఉంచి, ఎలక్ట్రానిక్సు పెట్టెను మాత్రం మార్చి కొత్తది తగిలించే పద్ధతిని జియోల్ వంటి కంపెనీలు అందిపుచ్చుకున్నాయి. పాత అయస్కాంతం ఉన్న సంస్థ దానిని అమ్మడం కంటె ఇలా చేయడం చాలాసార్లు లాభం. అందుచేతనే నిజంగా మంచి సరుకు బజారుకు తక్కువగా వస్తుంది. వచ్చిన దానిలో ఎందుకు వచ్చిందో విచారించవలసినదే ఎక్కువ. భవనం పడగొడుతున్నారా, ప్రొఫెసరు రిటైరయ్యారా, కొత్త యంత్రానికి గది కావాలా, లేక హీలియం ఖర్చు పెరిగిపోతున్నదా? మొదటి మూడు కారణాలు కొనేవారికి మేలు. నాలుగోది విన్నపుడు తొందరపడరాదు.

గుంటూరు నుంచి అమరిల్లో దాకా

హీలియం కథలో తెలుగునాటికి తొలి పుటలోనే చోటున్నది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో మకాం వేశారు. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పాగ్సన్ బందరులో ఉన్నారు. ఆ గ్రహణ కాంతిలో కనిపించిన పసుపు గీత సోడియానిది కాదన్న అనుమానమే ఇంగ్లండులో లాకియర్ పరిశీలనలతో కలిసి హీలియం అనే కొత్త మూలకానికి దారి తీసింది. భూమి మీద దానిని రామ్సే పట్టుకున్నది 1895లో. ఇంత చేసినా నేడు మన దేశానికి కావలసిన హీలియం దాదాపు అంతా దిగుమతే.

దిగుమతి అంటే పరాయి వారి రాజకీయాలకు లోబడి ఉండడమే. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రం అమరిల్లో దగ్గర భూగర్భంలో ఆ ప్రభుత్వం దశాబ్దాలుగా హీలియం నిల్వ చేసింది. 1996 చట్టంతో ఆ నిల్వ అమ్మకానికి పెట్టారు. 2013లో మరో చట్టంతో వేలంపాటలు మొదలుపెట్టారు. చివరకు 2024లో ఆ వ్యవస్థ మొత్తం మెస్సర్ అనే గ్యాసు కంపెనీ పరమయింది. 2017 జూనులో పొరుగు దేశాలు కతారుకు సరిహద్దులు మూసినపుడు అక్కడి హీలియం కర్మాగారాలు కొన్ని వారాలు ఆగిపోయాయి. 2021 అక్టోబరులో, 2022 జనవరిలో రష్యాలోని అమూర్ కర్మాగారంలో ప్రమాదాలు జరిగాయి. ప్రతిసారీ కొరత పడినది ద్రవ హీలియానికే. అటువంటి వేళ పెద్ద వాడకందారైన ఆస్పత్రి ఎం.ఆర్.ఐ. ముందు చిన్న ప్రయోగశాల బేరం సాగదు. మిర్చికి శీతల గిడ్డంగి దొరకకపోతే రైతు తెగనమ్ముతాడు. హీలియం దొరకకపోతే ప్రయోగశాల అయస్కాంతాన్ని చల్లార్చుకుని కూర్చుంటుంది. పాత సరుకు బజారుకు యంత్రాలు గుంపుగా వచ్చేది అటువంటి రోజులలోనే. కొనే చోట కూడా అదే కొరత ఉంటుందని మరచిపోయి కొనేవారు నష్టపోతారు.

ఖర్చు లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఒక అయస్కాంతం గంటకు 15 మిల్లీలీటర్ల హీలియం ఆవిరి చేస్తున్నదనుకుంటే రోజుకు 360 మిల్లీలీటర్లు, ఏడాదికి 131 లీటర్లు. నింపేటపుడు పోయే తరుగు దీనికి అదనం. ఈ 131 లీటర్లు ఏటేటా పెట్టవలసిన కాపలా ఖర్చు. మొదటిసారి చల్లబరచడానికి పట్టేది వేరు. అది వందల లీటర్ల మాట. చల్లబరిచి కరెంటు ఎక్కించే ప్రయత్నంలో ఒక క్వెంచ్ జరిగితే అంతా మళ్ళీ మొదటికి వస్తుంది. బయలుదేరేటపుడే రెండు విడతల హీలియం లెక్కలో పెట్టుకున్న కొనుగోలుదారు బుద్ధిమంతుడు.

పాలు పిండి చూడడం

సంతలో గేదెను కొనేవాడు అమ్మేవాడి మాట మీద బేరం కుదర్చడు. పాలు పిండించి చూస్తాడు. ఇక్కడ కూడా అయస్కాంతం చల్లగా, కరెంటు ఎక్కి ఉండగానే తెలిసిన మనిషిని పంపి, ప్రామాణిక నమూనాతో పరీక్ష చేయించి, సంకేతం ఎంత బలంగా వస్తున్నదో, గీత ఎంత సన్నగా ఉన్నదో రాయించుకోవాలి. చల్లారి మూల పడి ఉన్న అయస్కాంతం గురించి అమ్మకందారు ఏమి చెప్పినా అది వట్టి పాలపొదుగును చూపి చెప్పిన మాటే.

అంతకంటె ముఖ్యం హీలియం చిట్టా. ప్రతి ప్రయోగశాల ఎప్పుడు ఎంత నింపిందో రాసి ఉంచుతుంది. గత అయిదారేళ్ళ చిట్టా తెప్పించుకుని చూస్తే అయస్కాంతం ఆరోగ్యం బయటపడుతుంది. ఆవిరి ఏటేటా నిలకడగా ఉంటే మేలు. క్రమంగా పెరుగుతూ వస్తే లోపలి శూన్యం చెడుతున్నదని అర్థం. చిట్టా లేదన్న అమ్మకందారుకు ధర తగ్గించడం కాదు, బేరమే మానుకోవడం మంచిది.

సామాను విడివిడిగా చూసుకోవాలి. నమూనా గొట్టం చుట్టూ కూర్చునే ప్రోబ్ చేతిలో పట్టేంత వస్తువైనా ధర ఎక్కువ, చెడే అవకాశమూ ఎక్కువ. అమ్మేటపుడు మంచి ప్రోబును తీసి దాచుకుని, పాతదాన్ని తగిలించి ఇవ్వడం ఈ బజారులో లేకపోలేదు. కరెంటు ఎక్కించే కడ్డీ, అయస్కాంతం కాళ్ళ కింది కంపన నిరోధకాలు, రవాణాలో లోపలి తొట్టిని బిగించి ఉంచే బిగింపులు జాబితాలో పేరుపేరునా ఉండాలి. ఆ కడ్డీ మోడలును బట్టి మారుతుంది. అది లేకపోతే కరెంటు దించడం, ఎక్కించడం రెండూ ఆగిపోతాయి. అమెరికా నుంచి వచ్చే కన్సోలు వారి కరెంటు వోల్టేజికి, 60 సైకిళ్ళకు చేసినదా, మన 230 వోల్టులకు, 50 సైకిళ్ళకు సరిపడేదా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

తరలింపు ఒక పెద్ద తతంగం. ముందు కరెంటును క్రమపద్ధతిలో దించాలి. హీలియం పోనిచ్చి, లోపలి తొట్టి గది వేడికి వచ్చేదాకా ఆగాలి. ఆ తొట్టి సన్నని కడ్డీల మీద వేలాడుతూ ఉంటుంది కాబట్టి బిగింపులు వేయకుండా లారీ ఎక్కిస్తే మొదటి గతుకులోనే ధర అంతా పోతుంది. పెట్టె మీద కుదుపు పడితే రంగు మారే బిళ్ళలు అంటించాలి. లేకపోతే బీమా కంపెనీ దగ్గర రుజువు ఉండదు. చేరిన చోట ముందు ద్రవ నత్రజనితో చల్లబరచి, దానిని చివరి బొట్టు వరకు వెళ్ళగొట్టి, అప్పుడు హీలియం నింపాలి. నత్రజని కొంచెం మిగిలినా హీలియం చలికి మంచుగడ్డై లోపలే కూర్చుంటుంది. హీలియం పోసే గొట్టం పైనుంచి నిలువుగా దిగాలి కనుక అయస్కాంతం పట్టిన గదిలో పైకప్పు సరిపోని సందర్భాలు ఉంటాయి.

ఒప్పందం రాసేటపుడు ఉన్నచోటనే, ఉన్నది ఉన్నట్లు అన్న షరతు మీద అమ్మకందార్లు పట్టుబడతారు. ధర తక్కువైతే దానికి ఒప్పుకోవచ్చు గాని, కరెంటు దించే సమయంలో క్వెంచ్ జరిగితే ఆ నష్టం ఎవరిది, హీలియం ఎవరిది అన్న రెండు వాక్యాలు లేకుండా బయానా ఇవ్వరాదు. రొక్కం మూడు విడతలుగా ఇవ్వడం ఉభయులకు క్షేమం. బయానాగా కొంత, పెట్టెలు ఓడ ఎక్కినపుడు కొంత, కొత్త చోట అయస్కాంతం నిలబడి మొదటి పరీక్ష జరిగాక మిగతాది. ఈ మూడో విడతకు చాలామంది అమ్మకందార్లు ఒప్పుకోరు. ఒప్పించగలిగిన దళారికి కమీషను ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. ఇక దిగుమతిలో పాత యంత్రానికి కస్టమ్సు వారు విలువ కట్టడానికి చార్టర్డ్ ఇంజనీరు ధ్రువపత్రం అడుగుతారు. పాత ఎలక్ట్రానిక్సు కనుక 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలను కూడా న్యాయవాది చేత చూపించుకోవడం అవసరం. పెట్టెలు రేవులో నిలబడిపోతే రోజువారీ అద్దె పెరుగుతూ పోతుంది.

ఏ సరుకుకు గిరాకీ

దళారులు ముందుగా పట్టుకోవలసింది 400 మెగాహెర్ట్జ్‌ను. మందుల కంపెనీ నిత్యావసరానికి అది చాలుతుంది, మరీ ఖరీదూ కాదు. అందులోనూ అయస్కాంత క్షేత్రం గది దాటి పోకుండా కట్టడి చేసిన రకానికే మొగ్గు. కట్టడి లేని పాత రకం చుట్టూ చాలా మీటర్ల మేర గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు రారాదు. పక్కగదిలో వారు బల్ల వేసుకోవడానికి వీలుండదు. నగరంలో చదరపు అడుగు అద్దె తెలిసిన వర్తకునికి దాని అసలు ఖరీదు వేరే చెప్పనక్కర లేదు. 300కు కింది నుంచి పోటీ వచ్చింది. శాశ్వత అయస్కాంతంతో బల్ల మీద పెట్టుకునే 60, 80, 100 మెగాహెర్ట్జ్ కొత్త యంత్రాలు హీలియం అడగవు. కాలేజీలు, చిన్న కర్మాగారాలు అటు తిరుగుతున్నాయి. 500, 600లలో బేరం ఎక్కువగా ప్రోబును బట్టి, గదిని బట్టి తెగుతుంది. ప్రోబును కూడా చల్లబరిచే రకమైతే దాని కంప్రెసరు సర్వీసు కాగితాలు చూడనిదే ధర చెప్పడానికి లేదు.

కట్టడి లేని వేరియన్ యంత్రాలను మొత్తంగా కొనే కంటె కన్సోలు బోర్డుల కోసం కొనేవారే ఉంటారు. దగ్గరలో ద్రవ హీలియం తయారీ ఉన్న సంస్థకు, ఉదాహరణకు ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ, బెంగుళూరులోని సైన్సు ఇన్‌స్టిట్యూటు వంటి చోట్లకు, పై లెక్కలలో సగం బరువు తగ్గుతుంది. ఆవిరైన హీలియాన్ని తిరిగి పట్టుకుని ద్రవంగా మార్చుకునే ఏర్పాటు వారికి ఉన్నది. ఆ ఏర్పాటు లేని కొనుగోలుదారు హీలియం సరఫరాదారుతో ఏడాది ఒప్పందం చేసుకుని, ఆ కాగితం చేతికి వచ్చిన తరువాతనే అయస్కాంతానికి బయానా పంపడం పద్ధతి.